ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదా? సీటు కింది కనెక్టరు చూడండి

కారు లోపల కార్పెట్ శుభ్రం చేయించినప్పటి నుంచి డ్యాష్‌బోర్డులోని ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైటు ఆరడం లేదని మీరు రాశారు కాబట్టి, ముందు సీటు కిందనున్న పసుపురంగు కనెక్టరు వదులై ఉండే అవకాశమే ఎక్కువ. సీటు పక్కనుండే ఎయిర్‌బ్యాగ్‌కూ, చాలా కార్లలో బెల్టు బకిల్‌కూ తీగలు అక్కడి నుంచే వెళ్తాయి.

ఆ లైటు బల్బు తీసేయమని మెకానిక్ చెప్పాడని కూడా రాశారు; ఆ మాట దయచేసి వినకండి. ఆ లైటు వెలుగుతున్నంతకాలం, ఢీకొన్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోకపోవచ్చు. బెల్టును రెప్పపాటులో బిగించే ప్రీటెన్షనర్ కూడా పనిచేయకపోవచ్చు.

1. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయండి.

2. చాలామంది వదిలేసేది ఇక్కడే: కనెక్టరును వెంటనే ముట్టుకోకూడదు. ప్రమాదంలో బ్యాటరీ సంబంధం తెగిపోయినా ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేలా, ఎయిర్‌బ్యాగ్‌ను నడిపే కంట్రోల్ యూనిట్‌లోని కెపాసిటర్ కొంత విద్యుత్తును నిల్వ ఉంచుతుంది. అది ఖాళీ కావడానికి మీ కారు సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంతసేపు, కొన్ని నిమిషాలైనా, ఆగి తీరాలి.

3. తీగ ఎక్కడైనా నలిగిందేమో చూసి, కనెక్టరును లాక్ పడేదాకా నొక్కండి. తీగ తెగి ఉంటే అతుకు వేయకుండా సర్వీస్ సెంటర్‌కు అప్పగించండి. తీగలను పరీక్షించే మల్టీమీటర్ మాత్రం పెట్టవద్దు, దాని కొద్దిపాటి కరెంటుకే ఎయిర్‌బ్యాగ్ పేలే ప్రమాదం ఉంది.

4. కారులో ఎవరూ లేనప్పుడు బ్యాటరీ కలపండి. అప్పటికీ లైటు ఆరకపోతే పాత లోపం కోడ్ మెమరీలో మిగిలి ఉండవచ్చు. కారులోని లోపం కోడ్‌లను చదివే చౌక ఓబీడీ పరికరాలు చాలావరకు ఇంజిన్ కోడ్‌లనే చదువుతాయి కాబట్టి, ఎయిర్‌బ్యాగ్ యూనిట్‌ను చదవగల స్కానర్ ఉన్నచోట ఆ పాత కోడ్‌ను చెరిపించండి.