‘లుకింగ్ ఫార్వర్డ్ టు’ తరవాత ఏం రాయాలి?

అమ్మడూ,

ఉద్యోగానికి నువ్వు రాసుకున్న ఉత్తరం చదివాను. చెప్పాల్సింది చక్కగా చెప్పావు. చివరి వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తున్నాను అనడానికి ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు హియర్ ఫ్రమ్ యు’ అన్నావు. అక్కడ హియర్ కాదమ్మా, హియరింగ్. పంపేలోపు మార్చెయ్యి.

ఈ తప్పు నేనూ ఉద్యోగంలో చేరిన కొత్తలో చాలాకాలం చేశాను. ‘టు’ కనబడితే దాని వెనక గో, ఈట్, రైట్ అని క్రియ మామూలు రూపమే రావాలని బడిలో నేర్చుకున్నాం కదా. కానీ ఇంగ్లీషులో ఇంకో ‘టు’ ఉంది. అది మన ‘కి, కు’ లాంటిది. ఆఫీసుకి, స్నేహితుడికి అన్నప్పుడు వచ్చే టు. లుకింగ్ ఫార్వర్డ్ పక్కన ఉండేది ఈ టునే. దాని తరవాత నామవాచకం రావాలి. క్రియ పెట్టాలనుకుంటే ఐఎన్‌జీ చేర్చి దాన్ని నామవాచకం చెయ్యాలి. ‘వినడానికి’ అనే మాట విడదీసి చూడు: వినడం, కి. వినడం హియరింగ్, కి టు. ఇలా గుర్తుపెట్టుకుంటే లుకింగ్ ఫార్వర్డ్ దగ్గర మళ్లీ తడబడవు.

అయినా అనుమానం వస్తే క్రియ తీసేసి ‘యువర్ రిప్లై’ పెట్టి చూడు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై’ అతుకుతుంది. ‘ఐ వాంట్ టు యువర్ రిప్లై’ అతకదు. అతికిన చోట ఐఎన్‌జీ కావాలి. ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్’ అంటే రాత్రిళ్లు పనిచేయడం నాకు అలవాటే అని. ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్’ అంటే ఒకప్పుడు చేసేదాన్ని, ఇప్పుడు చెయ్యడం లేదని. ఉద్యోగమిచ్చేవాళ్లకు ఈ రెండూ ఒకటి కావు, జాగ్రత్త.

ఎదురుచూడటం అనగానే వెయిటింగ్ ఫర్ గుర్తొచ్చి చాలామంది ‘లుకింగ్ ఫార్వర్డ్ ఫర్’ అని కూడా రాస్తారు. అది వద్దు.

వ్యాకరణం కన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి. మనం బస్సు కోసమూ ఎదురుచూస్తాం, పరీక్ష ఫలితాల కోసం టెన్షన్‌తోనూ ఎదురుచూస్తాం. లుకింగ్ ఫార్వర్డ్‌లో మాత్రం సంతోషం ఉంటుంది. అది తెలియక, తండ్రి పోయిన మిత్రుడికి అంత్యక్రియలకు రావడానికి ‘లుకింగ్ ఫార్వర్డ్’ అని రాశాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తరవాత దాని అర్థం తెలిశాక ఎంత బాధపడ్డానో! దుఃఖంలో ఉన్నవాళ్లకు ‘ఐ విల్ బి దేర్’ అని రాస్తే చాలు.

నీ ఉత్తరానికి ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యు’ బాగుంటుంది. ‘ఐ యామ్ లుకింగ్’ కాస్త చనువుగా వినిపిస్తుంది, స్నేహితులకు రాసుకో. జవాబు ఫలానా తేదీలోపు తప్పనిసరిగా కావాలంటే మాత్రం ఈ వాక్యం మీద ఆధారపడకు, ఆ తేదీనే మర్యాదగా రాసెయ్యి.

మార్చాక నాకొకసారి పంపు. రాత్రికే చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న