కీర్తీ, ఆ లిస్టులో సగం ఊళ్లు కొట్టెయ్యి

కీర్తీ,

నువ్వు పంపిన యూరప్ ట్రిప్ ప్లాన్ మొత్తం చదివాను. 21 రోజుల్లో 12 ఊళ్లు. మీ అమ్మ డబ్బు గురించి టెన్షన్ పడుతోంది, ఒక్కదానివే వెళ్తున్నావని ఇంకాస్త ఎక్కువ టెన్షన్ పడుతోంది, ఆ రెండింటి సంగతీ కింద రాస్తాను. ముందు ఆ లిస్టులో సగం కొట్టెయ్యి.

ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. హాస్టల్ ఖాళీ చెయ్యాలి, స్టేషన్‌కి వెళ్లాలి, రైలు దిగాక కొత్త ఊళ్లో ట్రామ్ టికెట్ ఎలా కొనాలో తెలుసుకోవాలి, మధ్యాహ్నం దాకా బెడ్ ఇవ్వరు కాబట్టి అప్పటిదాకా బ్యాగు ఎక్కడ పెట్టాలో చూసుకోవాలి. డబ్బు ఎక్కువ కరిగేది కూడా ఆ రోజే, ఎందుకంటే ఆకలేసి అలసిపోయి ఉంటావు, స్టేషన్‌లో ఏది కనిపిస్తే అది కొంటావు. ఒకే ఊళ్లో మూడు రాత్రులుంటే రెండో రోజుకి సూపర్‌మార్కెట్ ఎక్కడుందో తెలుస్తుంది, హాస్టల్ కిచెన్‌లో వండుకుంటావు, పక్క బెడ్ అమ్మాయి ఎవరో తెలుస్తుంది. అందుకే రోమ్, బార్సిలోనా, ఆమ్‌స్టర్‌డామ్, బ్రస్సెల్స్ ఈసారికి వద్దు. జర్మనీలోని డ్రెస్డెన్ నుంచి బయల్దేరి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్, మళ్లీ వియన్నా మీదుగా వెనిస్, ఆ తర్వాత ఇన్స్‌బ్రుక్, చివరికి పారిస్. ఆరు ఊళ్లు, అంతే.

వెళ్లడం కూడా ఆగస్టులో కాదు, సెప్టెంబర్‌లో వెళ్లు. పరీక్షలు అయిపోతాయి, క్లాసులు అక్టోబర్‌లో గానీ మొదలవ్వవు, ఎండా జనమూ కాస్త తగ్గుతాయి. సెప్టెంబర్ రెండో సగంలో మాత్రం మ్యూనిక్‌లో రాత్రి ఉండేలా ప్లాన్ చెయ్యకు, అక్టోబర్‌ఫెస్ట్ జరుగుతుంటుంది, మామూలు హాస్టల్ బెడ్‌కి కూడా హోటల్ గది రేటు అడుగుతారు.

రైలు పాస్ గురించి అడిగావు. నువ్వు జర్మనీలో నివాసముంటున్నావు కాబట్టి నీకు వర్తించేది ఇంటర్‌రైల్, మన దేశం నుంచి వచ్చేవాళ్లు తీసుకునే యూరైల్ కాదు. 27 ఏళ్ల వరకు యూత్ రేటు ఉంది. కానీ ఆరు ఊళ్లకి పాస్ అవసరం లేదని నా అభిప్రాయం. ఫ్రాన్స్ టీజీవీ రైళ్లకీ, ఇటలీ స్పీడు రైళ్లకీ పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్‌కి విడిగా కట్టాలి, రాత్రి రైళ్లకీ అంతే. రోజుకో ఊరు మార్చేవాళ్లకి పాస్ గిట్టుబాటు అవుతుంది. నువ్వు ఇప్పటి నుంచే ఒక్కో టికెట్ విడిగా కొనుక్కో, డేట్ దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుతుంది. ప్రాగ్ టికెట్‌ని జర్మన్ రైల్వే సైట్‌లోనూ చెక్ రైల్వే సైట్‌లోనూ చూడు, చాలాసార్లు చెక్ సైట్‌లోనే తక్కువకి వస్తుంది. ఆ రైల్లో ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చో. ఎల్బే నది నీ పక్కనే వస్తూ ఉంటుంది, బాట్ షాండావ్ దగ్గర ఇసుకరాయి కొండలు నిటారుగా లేచి ఉంటాయి. ఆ కాసేపు ఫోన్ లోపల పెట్టెయ్యి.

ప్రాగ్‌లో చార్లెస్ బ్రిడ్జి మీదకి ఉదయం ఏడు లోపే వెళ్లు. 1357లో మొదలుపెట్టిన వంతెన అది, పది దాటితే కాలు పెట్టడానికి చోటుండదు. కోట ఆవరణలోకి ఉచితంగానే వెళ్లనిస్తారు, లోపలి భవనాలకే టికెట్.

ఇక వియన్నా. ఆ ఊళ్లో నువ్వు తప్పకుండా చెయ్యాల్సిన పని ఒకటుంది, స్టేట్ ఒపెరాలో నిలబడి చూసే టికెట్ కొనుక్కోవడం. సీటు టికెట్ ధరలో చిన్న వాటాకే వస్తుంది, ప్రదర్శన రోజునే అమ్ముతారు. లోపలికి వెళ్లగానే నీ చోటు ముందున్న కడ్డీకి చున్నీ కట్టు, అది కట్టి ఉంటే ఆ చోటు నీదేనని అందరూ ఒప్పుకుంటారు, ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. మాటలు అర్థం కావేమోనని భయపడకు, ఎదురుగా ఉన్న చిన్న తెర మీద ఇంగ్లీషులో వస్తాయి. చిన్నప్పుడు త్యాగరాయ ఆరాధనలు చూస్తూ పెరిగినదానివి, గొంతు మీద అంత పట్టున్న మనిషి మైకు లేకుండా హాలంతా నింపేస్తుంటే నువ్వు గంటలు గంటలు నిలబడగలవు. జులై, ఆగస్టుల్లో అక్కడ ప్రదర్శనలు ఉండవు, సెప్టెంబర్ అనడానికి ఇంకో కారణం ఇదే.

బుడాపెస్ట్‌లో 2వ నంబర్ ట్రామ్ ఎక్కు. మామూలు సిటీ టికెట్ మీదే డాన్యూబ్ ఒడ్డున పార్లమెంటు పక్క నుంచి వెళ్తుంది, ఎదుటి ఒడ్డున కోట కనిపిస్తుంది, చీకటి పడ్డాక ఇంకా బాగుంటుంది. కాగితం టికెట్ అయితే ఎక్కగానే మెషీన్‌లో ముద్ర వేయించుకో. ప్రాగ్‌లోనూ అంతే. మామూలు బట్టల్లో ఉండే చెకర్లు వస్తారు, చేతిలో టికెట్ ఉన్నా ముద్ర లేకపోతే ఫైన్ వేస్తారు, నీ మూడు రోజుల తిండి డబ్బులు పోతాయి. 1913లో కట్టిన సెచేనీ వేడినీటి స్నానశాల మీద మాత్రం ఖర్చు పెట్టు, అది తగ్గించుకోవద్దు.

ఈ రెండు దేశాల్లో యూరో నడవదు. చెక్‌లో కొరునా, హంగరీలో ఫోరింట్. కార్డు గీకినా, ఏటీఎంలో డబ్బు తీసినా "యూరోల్లో లెక్క కట్టమంటారా" అని అడుగుతుంది. వద్దని నొక్కి లోకల్ కరెన్సీయే ఎంచుకో. యూరో నొక్కితే వాళ్లకి నచ్చిన రేటు వేస్తారు.

వియన్నా నుంచి వెనిస్‌కి నైట్‌జెట్ అనే రాత్రి రైలు ఉంది. కూర్చునే సీటు చవకే కానీ దాంట్లో నిద్ర పట్టదు, మర్నాడు పాడవుతుంది. పడుకునే బెర్తు తీసుకో, బుక్ చేసేటప్పుడు ఆడవాళ్ల కంపార్ట్‌మెంట్ అని ఎంచుకోవచ్చు. ఒక రాత్రి హాస్టల్ ఖర్చు కూడా మిగులుతుంది. వెనిస్‌లో దీవి మీద కాకుండా మెయిన్‌ల్యాండ్ మీదున్న మెస్త్రేలో ఉండు, రైల్లో పది నిమిషాలు. గొండోలా 90 యూరోలు, అరగంట. అదే గ్రాండ్ కెనాల్‌ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించే గొండోలాలు ఉన్నాయి, త్రగెత్తో అంటారు, 2 యూరోలిస్తే చాలు. మిగతాదంతా నడుచుకుంటూ తిరుగు, సాయంత్రం డే టూరిస్టులు వెళ్లిపోయాక తిరుగు.

నీ లిస్టులో యుంగ్‌ఫ్రావ్ కొండ రైలు చూసి కాసేపు ఆలోచించాను. మనవాళ్లందరికీ స్విట్జర్లాండ్ మీద మోజే, నాకు తెలుసు. కానీ 3,454 మీటర్ల ఎత్తుకి ఆ రైలు టికెట్టు 200 ఫ్రాంకులు దాటుతుంది, మబ్బు పట్టిందంటే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు. బడ్జెట్‌లో వెళ్లేదానివి ఒక్క పూట మీద అంత పెట్టకు. వెనిస్ నుంచి ఇన్స్‌బ్రుక్ వెళ్లే రైలు బ్రెన్నర్ కనుమ మీదుగా ఆల్ప్స్ మధ్యలోంచే పోతుంది, ఇన్స్‌బ్రుక్‌లో వీధి చివర్నే కొండ మొదలవుతుంది, నడక దారులకి టికెట్ లేదు. ఇంకో విషయం, స్విట్జర్లాండ్‌లో నీ ఈయూ రోమింగ్ పనిచెయ్యకపోవచ్చు, మన పాస్‌పోర్టు వాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న యూరోపియన్ కవరేజీ కూడా అక్కడ వర్తించదు. ఉద్యోగం వచ్చాక మీ అమ్మని తీసుకుని వెళ్లు.

పారిస్‌ని చివర్లో పెట్టాను కానీ ముందు బుక్ చెయ్యాల్సింది అదే. నీకు ఇంకా 26 నిండలేదు. లూవ్ర్, ఓర్సే మ్యూజియంలు ఆ వయసు లోపు యూరప్ నివాసులకి ఉచితం, పౌరసత్వం అక్కర్లేదు, నీ రెసిడెన్స్ కార్డు చూపిస్తే చాలు. అయినా లూవ్ర్‌కి టైమ్ స్లాట్ ఆన్‌లైన్‌లో తీసుకో. లూవ్ర్‌కి మంగళవారం సెలవు, ఓర్సేకి సోమవారం. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలలో ఈ వయసు రాయితీ ఈయూ పౌరులకే కాబట్టి అక్కడ దీన్ని నమ్ముకోకు. ఐఫిల్ టవర్‌కి మెట్ల టికెట్ తీసుకో, రెండో అంతస్తు దాకా 674 మెట్లు, లిఫ్ట్ కన్నా బాగా తక్కువ. మోమార్త్ కొండ దగ్గర చేతికి దారం కడతామని వస్తారు, సంతకం పెట్టమని కాగితాలు పట్టుకొస్తారు, చెయ్యి ఇవ్వకు, ఆగకు.

తిండికి కందిపొడి, నువ్వుల పొడి చిన్న డబ్బాల్లో పట్టుకెళ్లు. అన్నం హాస్టల్ కిచెన్‌లో అవుతుంది, పూటకి ఒకటి రెండు యూరోల్లో గడిచిపోతుంది, మధ్యాహ్నం మాత్రం ఆ ఊరి తిండి తిను. బుడాపెస్ట్‌లో లాంగోష్ అనే నూనెలో వేయించిన రొట్టె, ప్రాగ్‌లో వేయించిన చీజ్. గూలాష్ అంటే ఎక్కువగా బీఫే, నువ్వు తినవు కాబట్టి అడిగి తీసుకో. ఆస్ట్రియాలో ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవి తప్ప. శనివారమే కొనుక్కో.

అమ్మ టెన్షన్ సంగతికొస్తే, తనతో నేను మాట్లాడాను. ఆడపిల్లల డార్మ్ మాత్రమే బుక్ చెయ్యి, నీ సొంత తాళం పట్టుకెళ్లు, కొత్త ఊళ్లోకి పగలే దిగేలా రైళ్లు చూసుకో. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ కలిపే తీసుకెళ్లాలి, ఒకటే ఉంటే సరిపోదు. కార్డు గడువు తిరిగొచ్చే తేదీ దాటి ఉందో లేదో ఇవాళే చూడు, రెన్యూవల్‌లో ఉంటే ముందు మీ విదేశీయుల కార్యాలయంలో అడిగి రాతపూర్వకంగా జవాబు తెచ్చుకో. ఎక్కడ ఏం జరిగినా 112కి కాల్ చెయ్యి. రోజూ రాత్రి హాస్టల్ చేరగానే అమ్మకి ఒక్క మెసేజ్ పెట్టు, ఫోటోలు తర్వాతైనా ఫర్వాలేదు.

హాస్టళ్లు ఎంచుకున్నాక డబ్బు కట్టే ముందు లింకులు నాకు పంపు. ఒకసారి చూసి చెప్తాను.

పిన్ని