బొమ్మలో మనిషి కదలాలంటే

ప్రశ్న: చిత్తూరు సమీపంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతున్నాను. పరుగెత్తే మనిషిని గీయమన్నా వారి బొమ్మ కొయ్యబారి నిలబడుతుంది. ఈ వయసు వారికి జెశ్చర్ డ్రాయింగ్ (ఒంటి కదలికను కొద్ది గీతలలో చప్పున పట్టే పద్ధతి) నేర్పవచ్చునా? – ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: తప్పకుండా నేర్పవచ్చునమ్మా. పిల్లలు ముందుగా తల గుండ్రంగా గీసి, కళ్లూ ముక్కూ దిద్ది, చొక్కాకు గుండీలు కూడా పెట్టిన తరువాత, మిగిలిన చోట కాళ్లూ చేతులూ అతికిస్తారు కనుకనే ఆ మనిషి కదలడు. ఈ పద్ధతిలో ఆ వరుస మారాలి. ఒళ్లు ఏం చేస్తున్నదో అది ముందు కాగితం మీదికి రావాలి. న్యూయార్క్‌లోని ఆర్ట్ స్టూడెంట్స్ లీగ్‌లో బోధించిన కిమోన్ నికొలాయిడిస్ (1891–1938), ఎదుటివారి భంగిమను గీసేవాడు దానిని తన ఒంట్లోనూ అనుభవించాలని చెప్పేవారు. చిన్నపిల్లలకు ఇంతకంటే తగిన దారి నాకు తెలియదు.

ఒక అమ్మాయిని కోలాటం కర్రలు ఎత్తి, నడుము వంచి నిలబడమనండి. తక్కినవారంతా పెన్సిలు ముట్టకముందే అదే భంగిమలో ఒకసారి నిలబడాలి. బరువు ఏ కాలి మీద పడుతున్నదో, నడుము ఎటు వంగినదో అప్పుడు వారికే తెలుస్తుంది. ఆ తరువాత తల నుంచి బరువు మోసే పాదం దాకా ఒకే గీత, దాని మీద చేతులూ కాళ్లూ. ముప్పై సెకన్లు, మహా అయితే నిమిషం. రబ్బరు మాత్రం సంచిలోనే ఉండాలి. నా తరగతిలో ఒక పాప, చంకన బిందె పెట్టుకున్న అక్కను ఒక వంపు గీత, తుంటి దగ్గర ఒక సున్నా, అంతటితో ముగించింది. ముఖమే లేదు, అయినా నీళ్ల బరువు కనిపించింది.

సన్నటి పెన్సిలు ఇస్తే పిల్లలు మణికట్టుతోనే గీస్తారు. బొగ్గు గానీ, అడ్డంగా పట్టిన క్రేయాన్ గానీ ఇస్తే భుజం నుంచి చెయ్యి కదులుతుంది. మన శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డ మీద తొలి రూపురేఖలు గీసేది కాల్చిన చింతపుల్లలతోనే. ఆ పుల్లలను మీరే కాల్చి తీసుకువెళ్లండి. పాత వార్తాపత్రికలు కాగితానికి చాలు.

పీరియడులో పది, పదిహేను నిమిషాలు మించవద్దు, మార్కులు వేయవద్దు. చెయ్యి కుదిరాక, మీ వైపు మహాభారత కథను ఆడే ఉత్సవాలలో అర్జున వేషధారి తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కడం చూసిన పిల్లలుంటే, ఆ సాగిన ఒంటిని జ్ఞాపకం నుంచి ఒక్క నిమిషంలో గీయమనండి.