అమెరికా త్రిఫ్ట్ స్టోర్లలో బట్టలు: ధర ఆఖర్న చూడండి
పొదుపు శీర్షిక – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

మా అబ్బాయి ఆగస్టులో ఎమ్మెస్ చదవడానికి మిషిగన్ వెళ్తున్నాడు. చలికోటు ఇక్కడే కొని పంపాలా, అక్కడ త్రిఫ్ట్ స్టోర్‌లో కొనుక్కోమనాలా? వాడిన బట్టలంటే ఇంట్లో కొంచెం వెనకాడుతున్నారు. – వరంగల్ నుంచి ఒక తండ్రి

అక్కడే కొనుక్కోమనండి. మన షాపుల్లో దొరికే జాకెట్లలో ఎక్కువ భాగం మన డిసెంబరు చలికి కుట్టినవి. మిషిగన్‌లో జనవరి రాత్రుల్లో సున్నాకు పది డిగ్రీలు కిందికి దిగడం మామూలే. పైగా 23 కిలోల పెట్టెలో లావు కోటు పెడితే రెండు కిలోలు దానికే పోతాయి. ఇక్కడినుంచి పంపాల్సినవి కొత్త బనియన్లు, డ్రాయర్లు, సాక్సులు, రెండు జతల థర్మల్స్. ఒంటికి అంటుకునేవి ఎప్పుడూ కొత్తవే కొనాలి, ఇందులో రాజీ లేదు. కోటు అలాంటిది కాదు. దాన్ని చొక్కా మీద, స్వెటర్ మీద వేసుకుంటారు కాబట్టి ఇంట్లోవాళ్లు వెనకాడాల్సిన పనిలేదు.

గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీ, సేవర్స్ లాంటి త్రిఫ్ట్ దుకాణాల్లో జనం ఇచ్చేసిన బట్టలు అమ్ముతారు. కొత్తగా 100–200 డాలర్లు పలికే కోటు ఊరిని బట్టి 10 నుంచి 25 డాలర్లకు దొరుకుతుంది. మంచు పడ్డాక వెతకడం మొదలుపెడితే మిగిలినవే చేతికొస్తాయి. సెప్టెంబరులోనే చూడమనండి. రెండో ఏడాదికి కావాలంటే ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో కొనాలి, అప్పుడు అడిగేవాళ్లుండరు.

కోటు చేతికి రాగానే ధర చూడొద్దు, ముందు జిప్ చూడాలి. కింద పిన్ను దూర్చి, మెడదాకా లాగి, మళ్లీ కిందికి దించాలి. మూడుసార్లు ఆగకుండా నడిస్తే సరే. పళ్లన్నీ ఉండి, రన్నర్ దాటిన వెనకాల జిప్ విచ్చుకుపోతుంటే తప్పు రన్నర్‌ది, దాన్ని తక్కువలో మార్చుకోవచ్చు. కింది పిన్ను విరిగినా, ఒక్క పన్ను ఊడినా మొత్తం జిప్ మార్చాలి. అక్కడి టైలర్ దానికి కోటు ఖరీదుకు మించి అడగొచ్చు. అలాంటిది వదిలేయాలి.

రెండోది లోపలి నింపుడు. ఈకల కోటయితే వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఖాళీ గళ్లు కనిపిస్తాయి. వేళ్లతో నొక్కితే ఉండలు తగలొచ్చు. ఉతికాక సరిగ్గా ఆరబెట్టకపోతే ఈకలు అలా ముద్దకడతాయి. కోటుతోపాటు టెన్నిస్ బంతులు రెండు మూడు బట్టలారబెట్టే డ్రయర్‌లో వేసి తక్కువ వేడి మీద రెండు మూడు గంటలు తిప్పితే చాలావరకు విడిపోతాయి కాబట్టి ఉండలకు భయపడక్కర్లేదు. ముక్కు పెట్టి చూస్తే ముక్కిన వాసన వస్తే మాత్రం వద్దు. కుట్ల మధ్య ఉన్న గుడ్డలోంచి కూడా ఈకలు గుచ్చుకుంటూ బయటికొస్తుంటే గుడ్డే అరిగిపోయిందని అర్థం.

మూడోది లోపలివైపు పూత. వాన తడవని జాకెట్లకు లోపల పాలీయురేథేన్ పొర ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమకు అది విరిగిపోతుంది. జేబు లోపల, టోపీ లోపల చేత్తో రుద్దితే జిగురుగా తగిలినా, తెల్లని పొట్టు రాలినా దాన్ని బాగుచేసే మార్గం లేదు. బయట మెరుస్తున్న పెద్ద బ్రాండ్ జాకెట్లలో కూడా ఈ జబ్బు ఉంటుంది. త్రిఫ్ట్ స్టోర్లో డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

కొలంబియా లాంటి కంపెనీలు మూడు రకాలుగా వాడే కోట్లు అమ్ముతాయి. లోపలి వెచ్చని జాకెట్ జిప్‌తో విడిగా ఊడివస్తుంది. దుకాణానికి వచ్చేసరికి లోపలిది పోయి, బయటి పొర ఒక్కటే హ్యాంగర్‌కు వేలాడుతుంటుంది. లోపలి అంచున ఏమీ తగిలించకుండా ఒక జిప్ కనిపిస్తే సగం కోటుకు పూర్తి ధర అడుగుతున్నారన్నమాట.

ఉన్ని కోటయితే చిమ్మెటలు తిన్న చిల్లులు వెతకాలి, ముఖ్యంగా కాలర్ కింద, చంకల దగ్గర. లేబుల్ మీద డ్రై క్లీన్ మాత్రమే అని ఉంటే 15–20 డాలర్లు ధరకు కలుపుకుని అప్పుడు చౌకో కాదో లెక్కేసుకోవాలి.

గుడ్‌విల్‌లో రంగు ట్యాగుల లెక్క ఏమిటి? ఏ రోజు వెళ్తే చౌక? – డాలస్ నుంచి ఒక పాఠకురాలు

గుడ్‌విల్ ఒకే కంపెనీ కాదు. 1902లో బోస్టన్‌లో ఎడ్గార్ హెల్మ్స్ అనే మతబోధకుడు మొదలుపెట్టిన ఈ పని, ఇప్పుడు ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం విడి సంస్థగా నడుస్తోంది. అందుకే ఒక ఊరి రాయితీ పక్క ఊళ్లో ఉండదు. చాలా చోట్ల బట్టకు గుచ్చే ట్యాగ్ రంగు ఆ బట్ట ఏ వారం దుకాణంలోకి వచ్చిందో చెబుతుంది. కొన్ని వారాలు అమ్ముడుపోని రంగుకు ఆ వారం సగం ధర. ఆ తర్వాత దాన్ని అక్కడినుంచి తీసేస్తారు. వారం రంగు ఏమిటో గుమ్మం దగ్గరో కౌంటర్ దగ్గరో రాసి ఉంటుంది, కనపడకపోతే అడగండి. అడిగేటప్పుడే విద్యార్థులకు, పెద్దవాళ్లకు ఏ రోజు తగ్గింపు ఉందో కూడా అడగండి. అమ్మానాన్నలు వచ్చి ఉంటే ఆ రోజున వాళ్లను వెంట తీసుకెళ్లడం మంచిది. సాల్వేషన్ ఆర్మీ దుకాణాల్లో చాలాచోట్ల బుధవారం సగం ధరలు ఉంటాయి.

సరుకు ఎక్కువగా వచ్చే కాలాలు రెండు. డిసెంబరు 31 లోపు దానమిస్తే ఆ ఏడాది పన్నులో చూపించుకోవచ్చని జనం తెచ్చి కుమ్మరిస్తారు, కాబట్టి జనవరి మొదటి వారాలు బాగుంటాయి. మే నెలలో కాలేజీ హాస్టళ్లు ఖాళీ అయ్యేటప్పుడు ఆ చుట్టుపక్కల దుకాణాలు నిండుతాయి.

మీ టెక్సస్‌లో పాత బట్టలకూ సేల్స్ టాక్స్ ఉంది, 8.25 శాతం దాకా పడుతుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మిన్నెసోటాలలో మామూలు బట్టలకు ఆ పన్ను లేదు.

చాలా దుకాణాల్లో ధర వేసేది బ్రాండ్ చూసి కాదు, రకం చూసి. చొక్కా అంటే చొక్కా ధరే. దీనివల్ల మంచి నూలు చొక్కా, వాల్‌మార్ట్ చొక్కా ఒకే ఏడు డాలర్లకు పక్కపక్కన ఉంటాయి. రెండోది కొత్తదే దాదాపు ఆ ధరకు వస్తుంది! వాల్‌మార్ట్ సొంత బ్రాండ్లయిన జార్జ్, టైమ్ అండ్ ట్రూ, అలాగే షీఇన్ పేర్లు కనిపిస్తే హ్యాంగర్ తిరిగి పెట్టేయండి.

గుడ్‌విల్ అవుట్‌లెట్ అనే చోట బట్టలను పెద్ద తొట్లలో పోసి పౌండ్ల లెక్కన అమ్ముతారు. అక్కడ పిల్లల బట్టలు, పల్చటి చొక్కాలు లాభం. నాలుగు పౌండ్లు తూగే కోటు మీద అంత మిగలదు. చేతులకు గ్లౌజులు తప్పనిసరి. కొత్త తొట్లు తెచ్చి పెట్టేదాకా గీత వెనక నిలబడాలి.

నల్లులు వస్తాయేమోనని భయం. వాసన కూడా పోవడం లేదు. ఎలా? – న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు

భయం న్యాయమైనదే, అయితే దీనికి ఖాయమైన పద్ధతి ఉంది. సంచిని మంచం మీద, సోఫా మీద పెట్టకుండా నేరుగా డ్రయర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఉతకడానికి ముందే, పొడిగా ఉన్నప్పుడే, ఎక్కువ వేడి మీద 30 నిమిషాలు తిప్పండి. నల్లులు, వాటి గుడ్లు రెండూ చస్తాయి. తడిబట్ట వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది కాబట్టే ముందు డ్రయర్, తర్వాత ఉతుకు. తెచ్చిన సంచిని మూతిబిగించి బయట పడేయండి. వేడికి తట్టుకోని ఉన్ని, పట్టు అయితే గాలి చొరని సంచిలో కట్టి సున్నా ఫారెన్‌హీట్, అంటే మైనస్ 18 డిగ్రీలున్న ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచాలి. ఫ్రీజర్‌లో నిజంగా అంత చల్లదనం ఉందో లేదో థర్మామీటర్ పెట్టి చూసుకోండి.

వాసనల్లో తేడాలున్నాయి. కలరా ఉండల వాసన గాలికి ఎగిరిపోయేదే. నీడలో, గాలి తగిలేచోట కొన్ని రోజులు ఆరేస్తే తగ్గుతుంది. సెంటు, సాఫ్ట్‌నర్ వాసనకు ఉతికేటప్పుడు చివరి నీళ్లలో కప్పు తెల్ల వెనిగర్ పోయండి, బ్లీచ్ వేసిన నీళ్లలో మాత్రం ఎన్నడూ కలపొద్దు. సిగరెట్ వాసన పట్టిన తోలు, ఈకల కోటు కొనకపోవడమే మేలు.

పాలియెస్టర్‌లో దిగిన చెమట వాసన మోసం చేస్తుంది. చల్లటి దుకాణంలో తెలియదు, ఒంటి వేడి తగలగానే లేస్తుంది. కొనేముందు చంక దగ్గరి గుడ్డను అరచేతుల మధ్య పెట్టి అర నిమిషం గట్టిగా రుద్ది వాసన చూడండి. అప్పుడు రాకపోతే ఇంటికెళ్లాకా రాదు. చంకల్లో పసుపు మరకలకు క్లోరిన్ బ్లీచ్ వేస్తే ఇంకా పసుపెక్కుతాయి. ఆక్సిజన్ బ్లీచ్ పొడి గోరువెచ్చని నీళ్లలో కలిపి నూలు బట్టను కొన్ని గంటలు నానబెట్టండి. ఉన్నికి, పట్టుకు ఆ పొడి పనికిరాదు.

ఇంటర్వ్యూకు సూటు కావాలి. త్రిఫ్ట్‌లో కొంటే సరిపోతుందా? – చికాగో నుంచి ఒక విద్యార్థి

సరిపోతుంది. ముందుగా మీ యూనివర్సిటీ కెరీర్ సెంటర్‌లో అడగండి, చాలా చోట్ల విద్యార్థులకు ఇంటర్వ్యూ బట్టలు ఊరికే ఇస్తారు.

కొనాల్సివస్తే భుజం ఒక్కటే నమ్ముకోండి. భుజం కుట్టు మీ భుజం ఎముక దగ్గరే ఆగాలి. భుజాలు మార్చడమంటే కోటు మొత్తం విప్పి కుట్టినట్టే, ఆ డబ్బుకు ఇంకో సూటు వస్తుంది. నడుం దగ్గర లోపలికి పట్టించడం, చేతులు పొట్టి చేయించడం తేలిక. చేతుల బొత్తాలకు నిజమైన కాజాలు కోసి ఉంటే మాత్రం పొట్టి చేయడం కష్టం. ప్యాంటు వెనక కుట్టు లోపల మార్జిన్ ఉంటే నడుం అంగుళం, అంగుళంన్నర వదులు చేయొచ్చు. వేలుపెట్టి తడిమి చూసుకోండి.

సైజులో అంకె ఛాతీ అంగుళాలు, పక్కన అక్షరం ఎత్తు. ఐదడుగుల ఏడంగుళాల లోపువారికి ఎస్, ఆపైన ఆరడుగులదాకా ఆర్. ఇంకో సంగతి, కాలర్ మడత మీద బొబ్బల్లా ఉబ్బి ఉంటే లోపలి జిగురు విడిపోయిందని. ఎంత ఇస్త్రీ చేసినా అది కూర్చోదు. కోటు, ప్యాంటు వేరువేరు స్టాండ్లలో వేలాడుతుంటాయి. జత దొరక్కపోతే నేవీ కోటు, బూడిదరంగు ప్యాంటు వేసుకోండి, ఎవరూ తప్పుపట్టరు.

పిల్లల చలిబట్టల్లో ఏం చూడాలి? – సియాటిల్ నుంచి ఒక తల్లి

అన్నిటికన్నా ముందు టోపీ తాడు. మెడ దగ్గర తాళ్లు జారుడుబల్లలాంటివాటికి చిక్కుకుని పిల్లల ప్రాణాలు పోయాయి. అందుకే 1997 నుంచి అక్కడ తయారీదారులు వాటిని పెట్టకూడదన్న ప్రమాణం ఉంది. పాత జాకెట్లలో ఇంకా కనిపిస్తాయి. తాడు పూర్తిగా లాగి పారేశాకే వేయండి. 

కొలంబియా పిల్లల మంచుబట్టల్లో కొన్నిటికి చేతుల లోపల రంగుదారంతో ఒక కుట్టు ఉంటుంది. దాన్ని కత్తిరిస్తే అంగుళంన్నర పొడవు పెరుగుతుంది. ఆ కుట్టు ఇంకా తెంచకుండా ఉన్నది దొరికితే రెండు చలికాలాలు వస్తుంది.

మా తెలుగువాళ్ల గ్రూపుల్లో పిల్లల పట్టు లంగాలు అమ్మకానికి పెడుతున్నారు. కొనొచ్చా? – అట్లాంటా నుంచి ఒక పాఠకురాలు

తప్పకుండా. ఒకటి రెండు పెళ్లిళ్లకు కట్టి, పొట్టయి పక్కనపెట్టినవే వాటిలో ఎక్కువ. ఫోటో చూసి డబ్బు పంపకండి, మడత విప్పి చూడాలి. పట్టు ముందుగా చిరిగేది ఏళ్లతరబడి కదలని మడతల మీద. లంగాను కిటికీకి అడ్డంగా పట్టుకుంటే ఆ గీతల వెంట సన్నని వెలుగు కనిపిస్తుంది. కనిపిస్తే ఆ బట్ట ఒక్కసారి కూర్చుని లేచేసరికి విచ్చుకుంటుంది, రఫూ చేయించినా పక్కనే చిరుగుతుంది.

పట్టో కాదో తెలియకపోతే అమ్మేవారిని అడిగి లోపలి అంచునుంచి ఒక పోగు తీసి కాల్చండి. జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడయితే పట్టు. గట్టి నల్లపూసలా ముడుచుకుంటే పాలియెస్టర్. జాకెట్టు చంకల్లో చెమట మరక ఉంటే అది పోదు, లంగా ధర మాత్రమే ఇవ్వండి. జాకెట్టు పక్క కుట్లలో మార్జిన్, లంగా కింద వేసిన టక్కులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కో టక్కు విప్పితే కొన్ని అంగుళాలు పొడవొస్తుంది, కానీ విప్పినచోట రంగు కొంచెం ముదురుగా గీతలా ఉంటుంది. ఆ గీత మీద సన్నని జరీ లేసు కుట్టిస్తే సరిపోతుంది. ఇవన్నీ బాగున్న లంగాకు కూడా కొత్తదాని ధరలో మూడోవంతుకు మించి పెట్టొద్దు, ఎందుకంటే మీ పాపా దాన్ని రెండేళ్లకు మించి కట్టదు.