లింక్డిన్‌లో 'టీమ్ లీడ్' అని పెట్టుకున్నాను, కేసు అవుతుందా?

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక బీపీవోలో మూడేళ్లుగా ప్రాసెస్ అసోసియేట్‌ని. లింక్డిన్‌లో మాత్రం 'టీమ్ లీడ్' అని పెట్టుకున్నాను. అది చూసి వేరే కంపెనీ వాళ్లు పిలిచి ఆఫర్ ఇచ్చారు. ఇప్పుడు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటున్నారు. టీమ్ లీడ్ అని ఎక్స్‌పీరియెన్స్ లెటర్ చేయించి ఇస్తానని ఫ్రెండ్ అంటున్నాడు. ఇది నేరమా సార్? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఫ్రెండ్‌కి ఫోన్ చేసి లెటర్ వద్దని చెప్పండి, మిగతాది తర్వాత. ఇప్పటిదాకా మీరు చేసింది గొప్పలు చెప్పుకోవడం, ఆ కాగితం చేయించారంటే అది ఫోర్జరీ. 2024 జూలై 1 నుంచి ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, అందులో మోసం చేయడానికి దొంగ పత్రం సృష్టిస్తే 336(3) కింద ఏడేళ్ల దాకా జైలు. దాన్ని అసలుదని చూపించినవాళ్ల కోసం 340 సెక్షన్ విడిగా ఉంది, అంటే మీకోసం.

ఇక లింక్డిన్ సంగతి. ప్రొఫైల్‌లో ఒక మెట్టు పైకి రాసుకున్నంత మాత్రాన పోలీసులు ఇంటికి రారు. అబద్ధం చెప్పి ఉద్యోగం సంపాదించారని 318 కింద చీటింగ్ ఫిర్యాదు ఇవ్వొచ్చు గానీ, ఇంత చిన్న విషయానికి కంపెనీలు సాధారణంగా స్టేషన్ మెట్లెక్కవు, ఆఫర్ వెనక్కి తీసుకుని ఊరుకుంటాయి. చేరాక బయటపడితే తీసేస్తారు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 19వ సెక్షన్ కూడా వాళ్ల వైపే, అబద్ధం నమ్మి చేసుకున్న ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చంటుంది.

అసలు మెలిక వెరిఫికేషన్ ఫారంలో ఉంది. చివర 'పై వివరాలన్నీ నిజం, తప్పని తేలితే తొలగించవచ్చు' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, దాని కింద మీ సంతకం. లింక్డిన్‌లో మీరు సంతకం పెట్టలేదు, ఇక్కడ పెడతారు. పీఎఫ్ పాస్‌బుక్‌లో డెజిగ్నేషన్ ఉండదుగా అని ధైర్యం చేయకండి (ఈ మాట నాకు చాలామంది చెప్పారు). మూడు నెలల పే స్లిప్‌లు అడుగుతారు, మీ పేరు దగ్గరే డెజిగ్నేషన్ అచ్చు వేసి ఉంటుంది.

కాబట్టి ఈరోజే ప్రొఫైల్ సరిచేసి, ఫారంలో అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉన్న డెజిగ్నేషనే రాసి, 'నా అధికారిక హోదా ప్రాసెస్ అసోసియేట్, ప్రొఫైల్‌లో తప్పుగా ఉంది, సరిచేశాను' అని కొత్త హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి. లీడ్ సెలవులో ఉన్నప్పుడు షిఫ్ట్ మీరే చూసుకుని ఉంటే ఆ ముక్క కూడా చేర్చండి, అది అబద్ధం కాదు. ఆఫర్ పోతుందా అంటే, పోవచ్చు కూడా. అందుకే వాళ్ల జవాబు వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకండి.