బోర్డు మారింది, పిన్ చెల్లదంది

మదర్‌బోర్డు మార్చాక కంప్యూటర్ లోపలికి రానివ్వడం లేదంటూ వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: పిడుగుపాటుకు మా డెస్క్‌టాప్ మదర్‌బోర్డు కాలిపోయింది. కొత్త బోర్డు వేయించి పాత ఎస్ఎస్‌డీనే పెట్టించాం. విండోస్ 11 మామూలుగానే వస్తోంది కానీ, రోజూ కొట్టే నాలుగంకెల పిన్ కొడితే ‘మీ పిన్ అందుబాటులో లేదు, మళ్లీ సెట్ చేసుకోండి’ అని ఇంగ్లిషులో మెసేజ్ వస్తోంది. ఫార్మాట్ కొట్టడమే దారి అంటున్నాడు షాపతను. పిల్లల ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి.
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఫార్మాట్ వద్దమ్మా. మీ ఫొటోలు ఎక్కడివక్కడే ఉన్నాయి, చెల్లకుండా పోయింది పిన్ ఒక్కటే.

పిన్ అంటే పొట్టి పాస్‌వర్డ్ అనుకుంటారు చాలామంది. పాస్‌వర్డ్ మీ అకౌంట్‌ది, పిన్ ఆ యంత్రానిది. పిన్ పెట్టుకున్న రోజున విండోస్ ఒక రహస్య తాళంచెవిని తయారు చేసి టీపీఎం అనే భద్రతా విభాగానికి ముడి వేస్తుంది. మీరు కొట్టే అంకెలు ఆ తాళంచెవిని బయటికి తీయించే సంకేతం మాత్రమే. ఇప్పటి కంప్యూటర్లలో ఎక్కువగా ఈ టీపీఎం విడి చిప్పుగా కనిపించదు. ఇంటెల్‌లో పీటీటీ, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం పేరుతో ఫర్మ్‌వేర్ అనే లోపలి ప్రోగ్రాంలోనే ఉంటుంది. దాని సమాచారమంతా బోర్డు మీది ఫ్లాష్ చిప్పులో దాచుకుంటుంది. కాబట్టి పాత ప్రాసెసర్‌నే కొత్త బోర్డులో బిగించినా పాత పిన్ చెల్లదు. వేలిముద్ర, ముఖం చూపి తెరిచే పద్ధతులకూ ఇదే గతి.

పిన్ అడిగే పెట్టె కింద ‘సైన్-ఇన్ ఆప్షన్స్’ నొక్కండి. తాళంచెవి బొమ్మ కనిపిస్తే దాన్ని ఎంచుకుని మైక్రోసాఫ్ట్ అకౌంట్ పాస్‌వర్డ్ కొట్టండి. చాలామందికి పని ఇక్కడితో అయిపోతుంది.

ఆ బొమ్మ లేదంటే, మైక్రోసాఫ్ట్ అకౌంట్లకు విండోస్ హలో (పిన్, వేలిముద్ర, ముఖం) తప్ప వేరేది వద్దనే సెట్టింగ్ ఆన్‌లో ఉందన్నమాట. అప్పుడు ‘ఐ ఫర్‌గాట్ మై పిన్’ నొక్కాలి. దానికి నెట్ కావాలి. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. కొత్త బోర్డు లాన్, వైఫై డ్రైవర్లు ఇంకా పడి ఉండకపోవచ్చు, లోపలికి వెళ్లకుండా వేయలేరు. ఆండ్రాయిడ్ ఫోన్‌ను డేటా కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెథరింగ్’ ఆన్ చేయండి. దానికి కావలసిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. లాగిన్ తెర కింద కుడివైపు నెట్‌వర్క్ గుర్తు మారాక మళ్లీ ప్రయత్నించండి. పాస్‌వర్డ్, ఫోన్‌కు వచ్చే కోడ్ అడిగి కొత్త పిన్ పెట్టుకోనిస్తుంది.

పాస్‌వర్డ్ కూడా మరిచిపోయి ఫోన్‌లో మార్చుకున్నారనుకోండి. నెట్ లేని కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు, పాత పాస్‌వర్డే అడుగుతూ కూర్చుంటుంది. ముందు నెట్ కలపండి, తర్వాతే కొత్తది కొట్టండి.

లోపలికి వెళ్లాక కూడా పిన్ తీయనివ్వకుండా, కొత్తది పెట్టనివ్వకుండా మొరాయిస్తే సి డ్రైవ్‌లో విండోస్, సర్వీస్‌ప్రొఫైల్స్, లోకల్‌సర్వీస్, యాప్‌డేటా, లోకల్, మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ల వరుసలో వెళితే ఎన్‌జీసీ అనే ఫోల్డరు ఉంటుంది. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ నుంచి దాని యాజమాన్యం మీ పేరిట మార్చుకుని, ఫోల్డరు పేరు మార్చి రీస్టార్ట్ చేయండి. డిలీట్ చేయడం కన్నా పేరు మార్చడం మేలు. అయితే ఆ కంప్యూటర్ వాడే వాళ్లందరి పిన్‌లూ దాంతో పోతాయి, ఇంట్లో మిగతావాళ్లకు ముందే చెప్పండి.

ప్రశ్న: సర్వీసులో ల్యాప్‌టాప్ బోర్డు మార్చి ఇచ్చారు. ఆన్ చేస్తే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. నేనెప్పుడూ అలాంటిది పెట్టలేదు సార్.
— ఒక లెక్చరర్, ఒంగోలు

జవాబు: మీరు పెట్టకపోయినా విండోస్ పెట్టి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ తాళం దానంతటదే పడుతుంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే ఇది మరిన్ని కంప్యూటర్లలో జరుగుతోంది. ఆ తాళం తెరిచేదీ టీపీఎమ్మే కనుక, బోర్డు మారగానే డిస్కు తనను ఎవరో ఎత్తుకెళ్లారనుకుంటుంది.

కీ మీ అకౌంట్‌లోనే భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ. ఫోన్ బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిచి, డివైజెస్‌లో మీ ల్యాప్‌టాప్ కింద బిట్‌లాకర్ కీల జాబితా చూడండి. ఒకటికి మించి ఉంటే, నీలం తెర మీది కీ ఐడీలో మొదటి ఎనిమిది అక్షరాలతో సరిపోలేది ఎంచుకోండి. జాబితా ఖాళీగా ఉందా? ల్యాప్‌టాప్ కొన్నరోజు మొట్టమొదట ఎవరి మెయిల్‌తో సెటప్ చేశారో గుర్తు తెచ్చుకోండి. చాలా ఇళ్లలో అది అబ్బాయి మెయిలో, అల్లుడి మెయిలో అయి ఉంటుంది. కాలేజీ అకౌంట్ కలిపి ఉంటే అక్కడి ఐటీ విభాగం దగ్గరా ఉండొచ్చు.

48 అంకెలూ ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడే సంఖ్యే. అందుకే ఒక్క అంకె తప్పు పడినా ఆ గుంపు దగ్గరే పట్టేస్తుంది, మొత్తం మళ్లీ కొట్టనక్కర్లేదు. అంకెల మీటలు పనిచేయకపోతే ఎఫ్1 నుంచి ఎఫ్9 వరకు 1 నుంచి 9గా, ఎఫ్10 సున్నాగా వాడుకోవచ్చు.

లోపలికి వెళ్లాక ఊరుకుంటే ఆన్ చేసిన ప్రతిసారీ అడగొచ్చు. ప్రో ఎడిషన్ అయితే కంట్రోల్ ప్యానెల్‌లో బిట్‌లాకర్ తెరిచి ‘సస్పెండ్’ చేసి, వెంటనే ‘రిజ్యూమ్’ నొక్కండి, తాళం కొత్త టీపీఎంకు ముడిపడుతుంది. హోమ్ ఎడిషన్‌లో ఆ పేజీ ఉండదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, పూర్తయ్యేదాకా ఆగి, మళ్లీ ఆన్ చేసుకోవాలి. చార్జర్ పెట్టే ఈ పని చేయండి.

కీ ఎక్కడా దొరక్కపోతే ఆఖరి ఆశ ఒక్కటే, పాత బోర్డు. చార్జింగ్ పిన్నో, యూఎస్‌బీ పోర్టో పోయి బోర్డు మార్చి ఉంటే అది ఇంకా బూట్ అవుతుంది. దాన్ని మళ్లీ బిగించి ఆన్ చేస్తే డిస్కు మారు మాట్లాడకుండా తెరుచుకుంటుంది. బోర్డు పారేయొద్దని సర్వీసు వాళ్లకు ఈరోజే చెప్పండి. అదీ లేదంటే డేటా రాదు. కీ లేకుండా తీసిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: రైజెన్ ప్రాసెసర్ తీసి కొత్త బోర్డులో పెడితే నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం గురించి ఏదో రాసి ‘వై’ నొక్కాలా ‘ఎన్’ నొక్కాలా అని అడుగుతోంది.
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ‘వై’ అంటే టీపీఎం సమాచారం తుడిచి కొత్తగా మొదలుపెట్టమని. ‘ఎన్’ అంటే ప్రస్తుతానికి ముట్టుకోవద్దని. డిస్కుకు బిట్‌లాకర్ లేదని కచ్చితంగా తెలిస్తే ‘వై’ నొక్కేయండి, పిన్ మళ్లీ పెట్టుకుంటే చాలు. ఉందేమో అని అనుమానముంటే ‘ఎన్’ నొక్కి ముందు పైన చెప్పినట్టు రికవరీ కీ సంపాదించండి. బయోస్ (బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాం) అప్‌డేట్ చేసినప్పుడూ ఇదే ప్రశ్న రావచ్చు, జవాబు మారదు.

ప్రశ్న: మాకు లాగిన్ తెర దాకా కూడా రావట్లేదు. విండోస్ గుర్తు తిరిగి ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్’ అని ఆగిపోతోంది.
— ఒక డీటీపీ సెంటర్ యజమాని, నిజామాబాద్

జవాబు: డిస్కు పోలేదు. డిస్కుతో మాట్లాడే పద్ధతి మారింది. పాత బోర్డు బయోస్‌లో స్టోరేజ్ మోడ్ రెయిడ్ లేదా వీఎండీలో ఉండి, కొత్తదాంట్లో ఏహెచ్‌సీఐలో ఉన్నా, అటుదిటు అయినా, ఆ పద్ధతికి తగ్గ డ్రైవర్‌ను విండోస్ మొదట్లోనే లోడ్ చేసుకోదు. బయోస్‌లోకి వెళ్లి ఇప్పుడున్న మోడ్‌కు బదులు రెండోది పెట్టి చూడండి. మోడ్ మార్చినంత మాత్రాన డేటా పోదు. కానీ అక్కడే ‘రెయిడ్ వాల్యూమ్ క్రియేట్’ అనేది కనిపిస్తే దాని జోలికి వెళ్లొద్దు, అది డిస్కు తుడిచేస్తుంది. బూట్ అయ్యాక మోడ్ మార్చుకోవాలంటే సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లో మోడ్ మార్చి, ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి టిక్ తీసేయండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, పాస్‌వర్డ్ తెలియకుండా ఈ పని మొదలుపెట్టకండి.

అసలు డిస్కునే బూట్‌కు తీసుకోకపోతే సంగతి వేరు. మీ డిస్కు ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉండి, కొత్త బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త బూట్ పద్ధతిని మాత్రమే ఒప్పుకుంటూ ఉండొచ్చు. విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎంబీఆర్2జీపీటీ’తో డేటా పోకుండా మార్చవచ్చు. మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే అది ఒప్పుకోదు. బ్యాకప్ లేకుండా చేయకండి.

ప్రశ్న: ఆఫీసు ల్యాప్‌టాప్. బోర్డు మార్చాక లాగిన్ అవుతోంది కానీ టీమ్స్, ఔట్‌లుక్ తెరిస్తే టీపీఎం చెడిపోయిందని, 80090016 అని వస్తోంది.
— ఒక ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: చెడలేదు. ఆఫీసు అకౌంట్ తాళాలు పాత టీపీఎంలో ఉండిపోయాయి, కొత్తదానిలో వెతికితే దొరకడం లేదు. సెట్టింగ్స్‌లో ‘యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్’కు వెళ్లి డిస్‌కనెక్ట్ చేసి మళ్లీ కలపమని ఎవరో ఒకరు చెబుతారు. మీ ఐటీ వాళ్లతో మాట్లాడకుండా అది నొక్కొద్దు. ఆ ల్యాప్‌టాప్‌లో లాగిన్ మొత్తం ఆఫీసు అకౌంట్ మీదే నడుస్తూ, పాస్‌వర్డ్ తెలిసిన లోకల్ అడ్మిన్ ఎవరూ లేకపోతే, డిస్‌కనెక్ట్ నొక్కాక మీరు బయటే ఉండిపోతారు. వీపీఎన్ సర్టిఫికెట్ టీపీఎంలో పెట్టి ఉంటే అదీ కొత్తగా ఇవ్వాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లను దానంతటదే సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ ఆటోపైలట్ వాడే కంపెనీలైతే కొత్త బోర్డును మళ్లీ నమోదు చేయాలి.

ప్రశ్న: లోపలికి వెళుతోంది కానీ ‘యాక్టివేట్ విండోస్’ అని మూలన పడింది. కొద్ది రోజుల్లో లాగిన్ ఆగిపోతుందా?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ఆగదు. వాల్‌పేపర్, రంగులు మార్చుకోనివ్వదంతే. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎస్ఎల్ఎంజీఆర్ /డీఎల్ఐ’ కొట్టి చూడండి. రిటైల్ (విడిగా కొన్నది) అని ఉంటే మీ లైసెన్సు కొత్త బోర్డుకు వస్తుంది. యాక్టివేషన్ ట్రబుల్‌షూటర్‌లో ఇటీవల హార్డ్‌వేర్ మార్చాననే మాట ఎంచుకోండి. ఓఈఎం (కంప్యూటర్‌తో పాటే వచ్చింది) అని ఉంటే అది పాత బోర్డుతో పుట్టింది, దాంతోనే పోయింది. వారంటీలో కంపెనీయే బోర్డు మార్చి ఉంటే మాత్రం యాక్టివేట్ చేసిచ్చే బాధ్యత వాళ్లదే, వదలకండి.

ప్రశ్న: పాస్‌వర్డ్ కరెక్టుగానే కొడుతున్నా తప్పంటోంది. బోర్డుకూ దీనికీ సంబంధముందా?
— ఒక పాఠకుడు, అనకాపల్లి

జవాబు: కొంచెం ఉంది. కొత్త బయోస్‌లో నంబర్ లాక్ ఆఫ్‌లో ఉంటే కుడివైపు అంకెలు పడవు. పెట్టె చివర కన్ను బొమ్మ నొక్కిపట్టి ఏం పడుతోందో చూడండి. కింద మూలన భాష తెలుగులో ఉంటే ఇంగ్లిషుకు మార్చండి. తేదీ కూడా గమనించండి. ఏళ్ల వెనక్కి వెళ్లి ఉంటే నెట్‌తో సరిచూసుకునే లాగిన్లు విఫలమవుతాయి. బయోస్‌లో తేదీ సరిచేయండి. మళ్లీ వెనక్కి పోతుంటే సీఆర్2032 బటన్ సెల్ మార్చండి.

ప్రశ్న: విండోస్ అంతా బాగుంది. మా వీధి కేబుల్ నెట్ లాగిన్ మాత్రం కావట్లేదు. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ పాతవే.
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రౌటర్ లేకుండా వైరు నేరుగా కంప్యూటర్‌కు పెట్టి ఉంటారు. కొందరు ఆపరేటర్లు కనెక్షన్‌ను లాన్ పోర్టుకు ఉండే మ్యాక్ అడ్రస్ అనే గుర్తింపు సంఖ్యకు కట్టేస్తారు, బోర్డుతో పాటు అదీ మారింది. కమాండ్ ప్రాంప్ట్‌లో ‘గెట్‌మ్యాక్’ కొడితే వచ్చే 12 అక్షరాలూ ఆపరేటర్‌కు ఫోన్‌లో చదివి, పాతది తీసి ఇది పెట్టమనండి.