నాలుగు రోజులుగా మంచు పడలేదు, మరి అవలాంచ్ భయం ఎందుకు?

మీ ప్రశ్న అమెరికాలో, కొలరాడోలోని బెర్తోడ్ పాస్ అనే కొండ కనుమ గురించి. నాలుగు రోజులుగా మంచు కురవలేదు, ఎండ కాస్తోంది, పైన మంచు కాలు దిగనంత గట్టిగా ఉంది, అయినా అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడటం) ఫోర్‌కాస్ట్‌లో విండ్ స్లాబ్ (గాలి పేర్చిన గట్టి మంచు పలక) అని ఎందుకు పెట్టారు, స్నోషూలతో (మంచులో దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి చట్రాలు) ముగ్గురం వెళ్లొచ్చా అని అడిగారు. నేను డెన్వర్‌లో ఉంటాను, చలికాలంలో వీలు చిక్కితే అటే వెళ్తాను. వెళ్లొచ్చండి. కానీ "గట్టిగా ఉంది కాబట్టి పర్వాలేదు" అన్న లెక్క మాత్రం వదిలేయండి. నిజానికి అక్కడ భయపడాల్సింది ఆ గట్టిదనానికే.

ఆ పాస్ 11,307 అడుగుల ఎత్తున, కాంటినెంటల్ డివైడ్ (నీళ్లు తూర్పుకీ పడమరకీ వేరయ్యే కొండల వరుస) మీద ఉంది. చలికాలం గాలి ఎక్కువగా పడమర నుంచి కొడుతుంది. అటువైపు వాలుల మీదున్న మంచును ఊడ్చుకొచ్చి, రిడ్జ్ (కొండ పైఅంచు) దాటగానే గాలి చాటున, అంటే తూర్పు, ఈశాన్య వాలుల మీద పోస్తుంది. మామూలుగా కురిసేదానికన్నా పది రెట్లు వేగంగా కూడా పేర్చగలదు. గంటకు 20 మైళ్ల గాలి, ఎత్తుకుపోవడానికి వదులు మంచు ఉంటే చాలు, ఆకాశంలో మబ్బు తునక కూడా అక్కర్లేదు. గాలికి దొర్లుతూ వచ్చేటప్పుడు మంచు రేకులు విరిగి పొడవుతాయి, దగ్గరగా సర్దుకుని అతుక్కుంటాయి. అలా తయారైన పలక కింద మెత్తటి మంచు ఉంటే, అది వదులు ఇసుక మీద పరిచిన నాపరాయి లాంటిదే. ఒకచోట విరిగితే మొత్తం కదులుతుంది. పైగా కొలరాడోలో సీజన్ మొదట్లో పడిన పలచటి మంచు అడుగున గరుకు పలుకులుగా మారి, ఒకదానికొకటి అంటుకోకుండా నెలల తరబడి అలాగే ఉండిపోతుంది.

కారు దిగగానే నేను ముందు రిడ్జ్ వైపు చూస్తాను. అంచు నుంచి తెల్లటి పొగలా మంచు లేస్తోందంటే పలకలు అప్పుడే తయారవుతున్నట్టు. కార్నిస్, అంటే ఆ అంచున చూరులా పెరిగిన మంచు, ఎటు వేలాడుతుందో మంచు చేరేది అటే. గాలి కోసిన గరుకు గీతలున్న చోట చాలావరకు ఊడ్చుకుపోయి ఉంటుంది. నునుపుగా, ఉబ్బుగా, సుద్ద రంగులో ఉన్న చోటే జాగ్రత్త. అలాంటి చోటికి రాగానే పోల్ (నడక కర్ర) తిరగేసి పిడితో గుచ్చి చూడండి. మొదట గట్టిగా ఆపుతుంది, ఇంకాస్త ఒత్తితే ఒక్కసారిగా జర్రున లోపలికి జారిపోతుంది. పైన పలక, కింద డొల్ల అని అర్థం. చెట్ల అంచున ఓసారి నా స్నోషూ ముందు నుంచి సన్నటి బీట బయల్దేరి, నేను చూస్తుండగానే పది పన్నెండు అడుగులు పాకింది. నడుస్తుంటే కాళ్ల కింద "వుంఫ్" మని కుంగిన చప్పుడు వచ్చినా అంతే. ఇక వేరే పరీక్షలేవీ అక్కర్లేదు, వెనక్కి తిరగడమే.

ముందు నలుగురు దాటారు కదా అనే ధైర్యం పనికిరాదు. పలక అంతటా ఒకే మందంలో ఉండదు. మధ్యలో నలుగురిని మోసినా, పలచటి అంచు మీద ఐదోవాడు అడుగు పెట్టగానే విరగొచ్చు.

వాలు ఎంతుందో ఫోన్‌లోని యాప్‌తో కొలవండి. ఈ పలకలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య జారతాయి. మీరు నడిచే చోటే కాదు, మీ పైనున్న వాలు కూడా లెక్కే. 2013 ఏప్రిల్ 20న లవ్‌లాండ్ పాస్ దగ్గర ఆరుగురు ఒక వాలు అడుగున దాటుతుండగా పైనుంచి విరిగిపడి ఐదుగురు చనిపోయారు. వాళ్లు కొత్తవాళ్లు కాదు, ప్రమాదం ఉందని తెలిసినవాళ్లే.

ఫోర్‌కాస్ట్‌లో "మోడరేట్" చూసి తేలిగ్గా తీసుకోకండి. అది ఐదింటిలో రెండో మెట్టే, కానీ కొన్ని చోట్ల మనిషి బరువుకే విరగొచ్చని దాని అర్థం. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ పేజీలో ఏ దిక్కు, ఏ ఎత్తు అన్నది బొమ్మ గీసి చూపిస్తారు. ప్రమాద స్థాయిని చెప్పే రంగు కన్నా ముందు ఆ బొమ్మ చూడండి.

ట్రాన్సీవర్ (కూరుకుపోయినవాళ్లను సిగ్నల్‌తో వెతికే పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ), పార ముగ్గురి దగ్గరా లేకపోతే, వాడటం రాకపోతే, ఈసారికి చెట్ల మధ్య 30 డిగ్రీల లోపు వాలుల్లోనే, పైన ఏటవాలు కొండ లేని దారిలో తిరగండి. మంచులో కూరుకుపోయిన మనిషికి మహా అయితే పది పదిహేను నిమిషాలు. రెస్క్యూ వాళ్లు అంతలో రాలేరు, తవ్వాల్సింది పక్కనున్న స్నేహితులే. శుక్రవారం రాత్రి రిడ్జ్ మీద గాలి ఎంత వేగంతో, ఎటు నుంచి కొట్టిందో చూసి ఇక్కడ రాయండి, ఏ వైపు వెళ్లొచ్చో చెప్తాను.